చంటిపిల్లలతో కొండ నడక: దారిని ఎంచుకునేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పిల్లలతో కొండకు వెళ్దామనుకోగానే చాలామంది శిఖరం ఎంత ఎత్తు, పైనుంచి ఏమేం కనిపిస్తాయి అని ఆరా తీస్తారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ దారిలో ఏ చోట ఆగిపోయినా, బిడ్డను ఎత్తుకుని ముప్పావుగంటలోపు కిందికి చేరగలమా? చేరగలమని ధైర్యంగా చెప్పలేని దారి ఎంత అందమైనదైనా, పిల్లలు పెద్దయ్యేదాకా దాన్ని వాయిదా వేయడమే మంచిది. కొండను చుట్టి మొదలైన చోటికే తెచ్చే బాటలు పటంలో ముచ్చటగా ఉంటాయి కానీ, సగం దూరం వెళ్లాక వాన పట్టుకున్నా, పాప వాంతి చేసుకున్నా, ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా అంతే దూరం నడవాలి. వెళ్లిన దారినే తిరిగొచ్చే బాటకు ఆ చిక్కు లేదు, ఎక్కడ చాలనిపిస్తే అక్కడే వెనుదిరగవచ్చు.

నడకకు పట్టే సమయాన్ని పెద్దల లెక్కతో వేయకూడదు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్కను నేటికీ వాడుతున్నారు: ఆరోగ్యవంతులైన పెద్దలకు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ ప్రకారం 200 మీటర్ల ఎక్కుడు ఉన్న 4 కిలోమీటర్ల దారికి సుమారు గంటా పది నిమిషాలు చాలు. మూడేళ్ల పిల్లవాడు తన కాళ్లమీద నడుస్తానంటే మాత్రం నేను దాన్ని మూడింతలు చేస్తాను, ఎందుకంటే వాడు ప్రతి చీమల బారు దగ్గరా కూర్చుంటాడు, కూర్చోనివ్వాలి కూడా. పటంలో కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఒకదానికొకటి దగ్గరగా ఉన్న చోట వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి, దూరం తక్కువగా కనిపించినా అలాంటి దారిని వదిలేయాలి.

నిజానికి వీపున మోసే చంటిబిడ్డ కంటే రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలతోనే దారి ఎంపిక కష్టం. ఎత్తుకుంటానంటే దిగుతానంటారు, చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటారు, వాలు కనిపిస్తే పరుగు తీస్తారు. ఒకవైపు లోయ ఉన్న సన్నని బాటలు, రాళ్లమీద కాలు వేసి దాటాల్సిన వాగులు ఈ వయసుకు తగవు. పెద్దవాళ్లు పిల్లవాడి చెయ్యి పట్టుకుని పక్కపక్కనే నడవగలిగినంత వెడల్పు బాటకు ఉందో లేదో వీలైతే ముందుగా ఒకరు వెళ్లి చూసి రావాలి.

ఇక చంటిపిల్లల సంగతి. వీపున తగిలించుకునే క్యారియర్‌లో కూర్చోబెట్టాలంటే బిడ్డ మెడ నిలిపి, ఆసరా లేకుండా కూర్చోగలగాలి, అది సాధారణంగా ఆరు నెలల తర్వాతే కుదురుతుంది. అంతకంటే చిన్నవారిని ఛాతీకి కట్టుకున్నప్పుడు ముఖం ఎప్పుడూ మనకు కనిపించాలి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డం కాకూడదు. వీపున ఉన్న బిడ్డ తల మన తల కంటే పైకి ఉండవచ్చు, కాబట్టి మనకు తగలని కొమ్మ బిడ్డకు తగులుతుంది. కొమ్మ కింద నుంచి దాటాల్సి వస్తే నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది చలి విషయంలో. మా పాపకు పది నెలలప్పుడు ఒక ఎక్కుడు దారిలో నా వీపంతా చెమటతో తడిసింది, దానికీ వెచ్చగానే ఉందనుకున్నాను. దించి చూస్తే ఒక సాక్సు ఎక్కడో జారిపోయి, వేలాడుతున్న పాదం మంచుగడ్డలా ఉంది. నడిచేది మనం, వేడి పుట్టేది మన ఒంట్లో, బిడ్డ మాత్రం కదలకుండా గాలికి కూర్చుని ఉంటుంది. పైగా ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత దాదాపు 0.6 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అందుకే పావుగంటకోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి, చల్లగా ఉంటే మరో పొర వేయాలి, చెమట పట్టి ఉంటే ఒకటి తీసేయాలి. ఏడుపు మాని అలవాటు లేని మౌనంతో, నీరసంగా వాలిపోతున్న బిడ్డను నిద్రపోతోందని వదిలేయకుండా వెంటనే ఒంటికి హత్తుకుని వెచ్చచేస్తూ కిందికి దిగాలి, వైద్య సహాయం కోరాలి. ఎండ సంగతీ అంతే: ఆరు నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ మీద ఆధారపడకుండా టోపీ, పలుచని పొడుగు చేతుల బట్టలు, నీడ చూసుకోవాలి.

తినుబండారాలు కూర్చున్నప్పుడే పెట్టాలి. నడుస్తున్న పిల్లలకు, వీపున కనిపించకుండా ఉన్న బిడ్డకు ఏదీ నోటికి అందించకూడదు. 2500 మీటర్లు దాటిన ఎత్తులకు మాటలు రాని పిల్లలను వైద్యుని అడగకుండా తీసుకెళ్లకపోవడం మంచిది, ఎత్తు పడక తలనొప్పి వచ్చినా వాళ్లు చెప్పలేరు. ఉరుము వినిపిస్తే అప్పుడే వెనుదిరగాలి. సంచిలో ఒక ఈల ఉంచుకోవాలి: నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదడం కొండల్లో ఆపదకు గుర్తు.

ఎన్ని గంటలకు వెనుదిరగాలో ఇంట్లోనే నిర్ణయించుకుని, ఎక్కడిదాకా చేరామన్నది చూడకుండా ఆ సమయానికి తిరగాలి. ఏ దారిన వెళ్తున్నదీ, ఎన్నింటికి దిగుతామన్నదీ ఒకరికి చెప్పి బయలుదేరాలి, కిందికి రాగానే వాళ్లకు ఫోన్ చేయాలి.