పాత విమానం ట్రాన్స్‌పాండర్ ప్యానెల్‌ను ఇంట్లో పరీక్షించడం ఎలా?

“ఏటి బాబూ, ఎనిమిదీ తొమ్మిదీ లేవేటి? అరిగిపోనాయేటి?”

విజయనగరం గంటస్తంభం దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన, నా చేతిలో ప్యానెల్ తీసుకుని నాబ్‌లు తిప్పి అడిగిన మొదటి మాట ఇది. అరిగిపోలేదు, అసలు ఉండవు. ట్రాన్స్‌పాండర్ అంటే రాడార్ అడిగితే విమానం తరఫున కోడ్‌తో జవాబు చెప్పే పెట్టె, ఆ కోడ్ పెట్టే నాబ్‌లున్నదే ఈ ప్యానెల్. ఆ కోడ్ నాలుగంకెలది. ఒక్కో అంకెకు మూడే వైర్లు, మూడు వైర్లతో ఎనిమిది రకాలే కుదురుతాయి. అందుకే 0 నుంచి 7 వరకే. మొత్తం 4096 కోడ్‌లు. మరీ పాతకాలం పద్ధతిలో రెండంకెలతోనే సరిపెట్టుకునేవారు, అంటే 64 కోడ్‌లే. అలాంటిది దొరికితే పాడైందనుకుని పక్కన పడేయకండి.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోవాలి. పెద్ద విమానాల్లో పైలట్ ముందు ఉండేది ఉత్త స్విచ్చిల పలక, అసలు పెట్టె వేరేచోట ఉంటుంది. చిన్న విమానాల్లో రెండూ ఒకటే. వెనక యాంటెన్నా కనెక్టర్ ఉందంటే అది నిజం ట్రాన్స్‌పాండరే, దానికి కరెంటు ఇవ్వొద్దు. అది 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న వింటే 1090 మీద జవాబు చెప్తుంది. ప్రశ్నించేది నేల మీది రాడార్ ఒక్కటే కాదు, మన నెత్తి మీదుగా పోయే విమానాల్లోని టీకాస్, అంటే ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూసే పరికరం కూడా అడుగుతుంది. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం కూడా. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఉత్త ప్యానెల్ గురించే.

ముందు లేబుల్ చదవండి. విమానం కరెంటు 28 వోల్టులని చదివి, “12 ఇస్తే ఏమవుతుందిలే” అని నేను బ్యాటరీ తగిలించాను. ప్యానెల్ తెల్లగా ఒక్కసారి మెరిసి చీకటైపోయింది. అక్షరాల వెనక వెలిగే బుల్బులు చాలా ప్యానెళ్లలో 5 వోల్టులవి. స్విచ్చిల కరెంటు వేరు, దీపాల కరెంటు వేరు. లేబుల్ చెరిగిపోయి ఉంటే 3 వోల్టులతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. రెండో ప్రపంచయుద్ధం నాటి సామాను అయితే గీతల మీద చీకట్లో వెలిగేందుకు పూసిన రంగును గోకకండి. వెలుగు చచ్చిపోయినా అందులోని రేడియోధార్మిక రేడియం చావదు, దాని అర్ధాయువు 1600 ఏళ్లు.

తర్వాత శుభ్రం చేయాలి. భోగాపురం నుంచి కళింగపట్నం దాకా మన గాలిలో ఉప్పుంటుంది, ఏడాది అటక మీద ఉంచితే కాంటాక్టులు పచ్చబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, ప్రతి నాబ్‌నూ ఇరవై ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె, కిరోసిన్ వద్దు, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు పని. మల్టీమీటర్‌ను బీప్ మీద పెడితే, లోపల కలిసి ఉన్న రెండు పిన్నులను తాకినప్పుడు మోగుతుంది. దాంతో వెనక కనెక్టర్‌లో కామన్ పిన్, అంటే అన్ని స్విచ్చిలకూ ఉమ్మడిగా ఉండేది ఏదో పట్టుకోవాలి. 7777 పెట్టి వెతికితే అన్ని పిన్నులూ అన్నింటితోనూ మోగి తల తిరుగుతుంది. నాకు ఒక సాయంత్రం అలాగే పోయింది. ముందు 0000 పెట్టి, అప్పటికే మోగుతున్న జతలు కాగితం మీద రాసుకోండి, వాటిని లెక్కలోంచి తీసేయండి. తర్వాత 0001 పెట్టండి, కొత్తగా ఒక జత మోగుతుంది. 0002 పెడితే ఇంకో జత. రెండు జతల్లోనూ ఉన్న పిన్నే కామన్. ఏదీ మోగకపోతే ప్రోబులు తారుమారు చేయండి, కొన్నింట్లో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు ఉంటాయి.

కామన్ దొరికితే సగం పని అయినట్టే. ప్రతి అంకెనూ 1, 2, 4 మీద పెట్టి చూస్తే చాలు, పన్నెండు వైర్లూ తేలిపోతాయి. 5 పెడితే 4, 1 వైర్లు మోగాలి, 2 మోగకూడదు.

పక్కన రేడియో ఫ్రీక్వెన్సీ పెట్టే ప్యానెల్ కూడా దొరికిందా? అక్కడ లెక్క మారుతుంది, 8, 9 ఉంటాయి. పాత జెట్ విమానాల వాటిలో చాలావాటికి మెగాహెర్ట్జ్ అంకెకు ఐదు వైర్లు, ఏ అంకె పెట్టినా వాటిలో సరిగ్గా రెండే మోగాలి. ఒకటి మోగినా మూడు మోగినా మురికో లోపమో ఉన్నట్టే. ఇంకో తమాషా: 118.02 అని కనిపిస్తే అది నిజానికి 118.025. చివరి 5కి చోటులేక మింగేశారు. చివర 2 గానీ 7 గానీ ఉంటే 5 మనమే కలుపుకోవాలి.

ఇక కంప్యూటర్‌లో విమానం ఎగరేసే సిమ్యులేటర్‌కు ఈ ప్యానెల్‌ను కలపడం. ఆర్డునో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో 2 నుంచి 13 వరకు సరిగ్గా పన్నెండు పిన్నులు, కొలిచి కుట్టించినట్టు సరిపోతాయి. కామన్‌ను గ్రౌండ్‌కి ఇచ్చి, పిన్నులకు పుల్అప్ పెట్టండి, అంటే స్విచ్చి తెరిచి ఉన్నప్పుడు పిన్ను గాలిలో తేలకుండా వోల్టేజి వైపు లాగి ఉంచే ఏర్పాటు. 3 నుంచి 4కి తిప్పేటప్పుడు మూడు వైర్లూ ఒకేసారి మారాలి, కానీ ఏదో ఒకటి ముందు కదులుతుంది. ఆ క్షణంలో 7 అనో 0 అనో చదివేస్తుంది. అంకె పదోవంతు సెకను నిలకడగా ఉంటేనే ప్రోగ్రామ్ నమ్మేలా రాయండి.

కంట్రోలర్ తెర మీద మన విమానాన్ని గుర్తుపట్టేలా చేసే ఐడెంట్ బటన్ నొక్కి వదిలేసేదే. నిజం విమానంలో ఆ గుర్తును 15 నుంచి 30 సెకన్ల పాటు పంపేది వెనకనున్న పెట్టె, కాబట్టి ఆ ఆలస్యం కూడా మీ ప్రోగ్రామే చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో మనుషులు కంట్రోలర్లుగా కూర్చునే చోట ఎగరేస్తే, కోడ్ మార్చేముందు మోడ్ నాబ్‌ను స్టాండ్‌బైలో, అంటే జవాబివ్వని స్థితిలో పెట్టండి. 6700 నుంచి మొదటి అంకె ఒక్క మెట్టు జరిగితే 7700, అంటే ఎమర్జెన్సీ. నేను రేడియోలో “సారీ” చెప్పుకోవాల్సి వచ్చింది అలాగే.