ఇంగ్లీషు క్రియలు, 12వ పాఠం: కంటెండ్ మళ్లీ ఒకసారి

పోయిన పాఠంలో కంటెండ్ అంటే పోటీపడటం అని చెప్పి వాక్యాలు రాయమన్నాను. మీ కాగితాల్లో సగానికి పైగా ఒకే తప్పు: ‘హి కంటెండెడ్ ద ఎలక్షన్’. అర్థం చెప్పి, పక్కన ఏ మాట రావాలో నేను చెప్పలేదు. అందుకే కొత్త క్రియ వచ్చే వారానికి వాయిదా.

‘ఎన్నికల్లో పోటీ చేశాడు’కి కావలసింది కాంటెస్ట్: ‘హి కాంటెస్టెడ్ ద ఎలక్షన్’. కాంటెస్ట్ కర్మను నేరుగా పట్టుకుంటుంది. కంటెండ్ పట్టుకోదు. ‘కంటెండెడ్ ద సీట్’ కాదు, ‘కంటెండెడ్ ఫర్ ద సీట్’. ‘కంటెండెడ్ ద ప్రైజ్’ కాదు, ‘కంటెండెడ్ ఫర్ ద ప్రైజ్’. వీలునామా చెల్లదని కోర్టుకెక్కితే? అదీ కాంటెస్టే, ‘కాంటెస్టెడ్ ద విల్’. బాగా చదువుకున్నవాళ్లూ ఇక్కడే జారుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నేను వాడే గుర్తు చిన్నది. తెలుగులో ‘కోసం’ వస్తే ఫర్, ‘తో’ వస్తే విత్, ‘అని’ వస్తే దట్.

ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో బండలాగుడు పందెం అనుకోండి. ఆరు జతలు మొదటి బహుమతి కోసం దిగాయి: ‘సిక్స్ పెయిర్స్ ఆర్ కంటెండింగ్ ఫర్ ద ఫస్ట్ ప్రైజ్’. రాత్రి వాన పడింది. బండ బురదలో దిగబడుతోంది, గిట్టలు జారుతున్నాయి: ‘ద బుల్స్ హ్యావ్ టు కంటెండ్ విత్ ద మడ్’. ఎద్దులకు బురదతో పోటీ లేదు, బురదను తట్టుకుని లాగాలి. కనిగిరి వైపు జనం ఫ్లోరైడ్ నీళ్లతో పడే అవస్థ, నెల్లూరు రొయ్యల రైతు వైట్ స్పాట్ తెగులుతో పడే టెన్షన్, రెండూ ఈ విత్‌లోకే వస్తాయి. మనిషితో తలపడినా విత్ వస్తుంది, కానీ కష్టంతో నెట్టుకురావడమే ఎక్కువగా కనిపిస్తుంది.

టేపు పట్టి కొలిచారు. ఎద్దుల యజమాని ఒప్పుకోలేదు. ఇంకో రెండడుగులు లాగాయని వాదన: ‘ద ఓనర్ కంటెండ్స్ దట్ దే పుల్డ్ ఇట్ టూ ఫీట్ ఫర్దర్’. ఎదుటివాళ్లు కాదనే మాటకే ఈ దట్. ఎవరూ కాదనని మాటకు సెడ్ చాలు.

కంటెండర్ అంటే గెలిచే సత్తాతో బరిలో ఉన్నవాడు. కంటెంట్ వేరే మాట, చివర ‘డ్’ గట్టిగా పలకండి.

అభ్యాసం: రేపటి పేపర్ జిల్లా పేజీలో ఒక పొలం గట్టు తగాదా వెతకండి. ఇరుపక్షాల వాదననూ ఆరు వాక్యాల్లో పెట్టండి. సెడ్ ఒక్కసారి కూడా రాకూడదు. ఫర్, విత్, దట్ రెండేసి సార్లు రావాలి. ఫోన్‌లో కాదు, చేత్తో రాయండి.