వేరే ప్రాసెసర్‌కు లైనక్స్ కెర్నల్ బిల్డ్ చేసినప్పుడు వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఒక యంత్రంలో ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడిచిన కెర్నల్ కాన్ఫిగ్ ఫైలును (కెర్నల్‌లో ఏ ఎంపికలు ఉండాలో చెప్పే ఫైలు) మరో ప్రాసెసర్ ఉన్న యంత్రానికి తీసుకువెళ్లి బిల్డ్ చేస్తే, ఒక్క ఎర్రర్ కూడా రాకుండా పని పూర్తయి, తీరా బూట్ చేసేసరికి తెర మీద ఒక్క అక్షరమైనా పడకపోవడం ఈ పని చేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అలాంటప్పుడు మెనూ తెరిచి కనిపించిన ఎంపికలన్నీ మార్చి చూడడం కంటే, బూట్ ఏ దశలో ఆగిందో ముందుగా తేల్చుకోవడం మేలు. కారణం ఎక్కడ వెతకాలో ఆగిన చోటే చాలావరకు చెబుతుంది. అందుకే లక్షణాలను ఇక్కడ అదే క్రమంలో, కంపైలర్ దగ్గర మొదలుపెట్టి యూజర్ ప్రోగ్రాముల దాకా తీసుకున్నాను. ఎంపికల పేర్లను పలికే తీరులో రాశాను. మెనూకాన్ఫిగ్‌లో (ఆ ఎంపికలను మార్చే మెనూ) స్లాష్ మీట నొక్కి పేరులో ఒక ముక్క టైపు చేస్తే ఆ ఎంపిక ఎక్కడుందో, ఇప్పుడు దాని విలువ ఏమిటో, అది వేటిపై ఆధారపడి ఉందో కనిపిస్తాయి.

పని మొదలుపెట్టే ముందు పాత కెర్నల్‌ను బూట్ మెనూలో అలాగే ఉంచండి. కొత్త కెర్నల్‌లో ఐకేకాన్ఫిగ్, ఐకేకాన్ఫిగ్ ప్రాక్ అనే రెండు ఎంపికలనూ ఆన్ చేయండి. అప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏ కాన్ఫిగ్‌తో తయారైందో ప్రాక్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ డాట్ జీజెడ్ ఫైలు నుంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు. చిన్న బోర్డులతో పనిచేసేవారి దగ్గర యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే కింద చెప్పిన వాటిలో సగం పరీక్షలు చేయడం కుదరదు.

కంపైలర్ తనకు తెలియని ఆప్షన్ అంటూ ఆగిపోతోంది

ఎక్స్86 కంప్యూటర్‌లో ఆర్మ్64 బోర్డు కోసం బిల్డ్ చేస్తున్నప్పుడు, లిటిల్ ఎండియన్‌కు (బైట్లను అమర్చే ఒక క్రమం) సంబంధించిన ఆప్షన్ తనకు తెలియదని జీసీసీ కంపైలర్ చెప్పిందంటే, మీరు ఆర్చ్ (ఏ ప్రాసెసర్ కోసమో చెప్పేది) విలువ ఇచ్చి క్రాస్ కంపైల్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) విలువ మరిచారని అర్థం. ఏఆర్చ్64 (అంటే ఆర్మ్64) కంపైలరే 'మైనస్ ఎం64' తెలియదని చెబితే జరిగింది దానికి తారుమారు: కంపైలర్ సరైనదే, కానీ ఆర్చ్ ఇవ్వకపోవడంతో కెర్నల్ తనను ఎక్స్86 కోసం తయారు చేస్తున్నారనుకుంది.

ఇలా ఆగిపోవడం నిజానికి మేలే. అసలు ప్రమాదం ఆగకుండా సాగిపోయే సందర్భంలో ఉంది. ఆర్మ్64 కాన్ఫిగ్ ఉన్న డైరెక్టరీలో ఆర్చ్ ఇవ్వకుండా ఒక్కసారి మేక్ మెనూకాన్ఫిగ్ నడిపి సేవ్ చేసి బయటికి వస్తే, ఆ ఫైలు మొత్తం ఎక్స్86 కాన్ఫిగ్‌గా తిరగరాయబడుతుంది. ఆర్మ్ చిప్‌ల ఎంపికలన్నీ పోతాయి, హెచ్చరికలేవైనా వచ్చినా మెనూ తెరుచుకోగానే కనబడకుండా పోతాయి. కాబట్టి ఆర్చ్, క్రాస్ కంపైల్ విలువలను ప్రతి కమాండ్‌లో టైపు చేసే బదులు షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో అవుట్‌పుట్ డైరెక్టరీని 'ఓ' అనే విలువతో వేరుగా పెట్టుకుంటే ఈ తప్పు జరిగే అవకాశమే ఉండదు.

డెబియన్ లేదా ఉబుంటు ఇచ్చిన కాన్ఫిగ్‌ను తెచ్చి వాడుతున్నప్పుడు మాత్రమే వచ్చే మరో ఎర్రర్ ఉంది: సర్టిఫికెట్ ఫైలును తయారు చేసే రూల్ లేదని మేక్ ఆగిపోతుంది. ఆ పంపిణీదారుల సర్టిఫికెట్ మీ సోర్సులో లేదు, అంతే. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్ విలువను, ఉబుంటు కాన్ఫిగ్ అయితే సిస్టమ్ రివొకేషన్ కీస్ విలువను కూడా ఖాళీ చేసి మళ్లీ బిల్డ్ చేయండి.

ఆన్ చేసిన ఎంపిక తుది ఫైలులో లేదు

ఈ ఒక్క విషయం బాగా అర్థమైతే మిగిలిన చిక్కుల్లో చాలావాటికి దారి దొరుకుతుందని నా నమ్మకం. ఎడిటర్‌లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి ఒక ఎంపికకు ఎదురుగా 'వై' (కెర్నల్‌లోనే కలపమని) అని రాశారు, బిల్డ్ అయింది, డ్రైవర్ మాత్రం లేదు. ఫైలు తెరిచి చూస్తే ఆ వరుసే మాయమైంది.

ప్రతి ఎంపికకూ కొన్ని ఆధారాలు ఉంటాయి. ఆ ఆధారాలలో ఏ ఒక్కటి ఆన్ కాకపోయినా, మేక్ తన మొదటి అడుగులోనే మీ వరుసను తీసేస్తుంది. అది ఎర్రర్ కాదు కాబట్టి ఎవరికీ చెప్పదు. స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ అనే స్క్రిప్ట్‌తో ఆన్ చేసినా ఇంతే, ఎందుకంటే ఆ స్క్రిప్ట్ ఆధారాలను చూడదు. ఎంపికల పేర్లు మారడం ఇంకో కారణం. రాక్‌చిప్ బోర్డులలో కరెంటు సరఫరాను నియంత్రించే ఆర్‌కే808 చిప్ ఎంపిక ఒకప్పుడు ఎంఎఫ్‌డీ ఆర్‌కే808 అనే పేరుతో ఉండేది, తరవాతి కెర్నళ్లలో అది ఎంఎఫ్‌డీ ఆర్‌కే8ఎక్స్‌ఎక్స్ ఐ2సీగా మారింది. పాత కాన్ఫిగ్‌ను కొత్త సోర్సులో పెట్టి ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడిపితే పాత పేరు గుర్తింపు లేక పడిపోతుంది, కొత్త పేరుకు డీఫాల్ట్ విలువ వస్తుంది.

కావలసిన ఎంపికలను ఒక చిన్న ఫైలులో రాసుకుని, మెర్జ్ కాన్ఫిగ్ అనే స్క్రిప్ట్‌తో ఆ ప్రాసెసర్ డెఫ్‌కాన్ఫిగ్ (కెర్నల్ సోర్సుతో వచ్చే డీఫాల్ట్ కాన్ఫిగ్) మీద కలపడం దీనికి పరిష్కారం. మీరు అడిగిన విలువ తుది ఫైలులో లేకపోతే, అడిగినది ఏమిటో వచ్చినది ఏమిటో పక్కపక్కన చూపించి ఆ స్క్రిప్ట్ హెచ్చరిస్తుంది. వెర్షన్ మారినప్పుడు ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్‌కు ముందు ఒక నకలు దాచుకుని, తరవాత డిఫ్‌కాన్ఫిగ్‌తో రెండింటినీ పోల్చి చూడండి.

బూట్‌లోడర్ 'స్టార్టింగ్ కెర్నల్' అంటుంది, ఆ తరవాత నిశ్శబ్దం

ఈ నిశ్శబ్దానికి రెండు అర్థాలు ఉండవచ్చు: కెర్నల్ నడుస్తున్నా మనకు వినిపించకపోవడం ఒకటి, నిజంగానే ఆగిపోవడం మరొకటి. ముందుగా మొదటిదాన్ని తోసిపుచ్చాలి. ఆర్మ్64లో కెర్నల్ కమాండ్ లైనుకు ఎర్లీకాన్ అనే మాట ఒక్కటి చేరిస్తే, డివైస్ ట్రీలో (బోర్డులోని హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే ఫైలు) చెప్పిన సీరియల్ పోర్టు మీద మొదటి క్షణం నుంచీ సందేశాలు వస్తాయి. ఎర్లీకాన్ ఉన్నప్పుడు సందేశాలు వచ్చి కాసేపటికి ఆగిపోతున్నాయంటే, అసలు కన్సోల్ (సందేశాలు వెళ్లే పోర్టు) పేరు తప్పు, లేదా ఆ సీరియల్ డ్రైవర్ మాడ్యూల్‌గా ('ఎం', అంటే తరవాత లోడ్ అయ్యే విడి ఫైలుగా) ఉంది. ఆర్మ్ వారి పీఎల్011 పోర్టు టీటీవై ఏఎంఏ0 అవుతుంది. రాక్‌చిప్, ఆల్‌విన్నర్ చిప్‌లలోది 8250 తరహా కాబట్టి టీటీవై ఎస్ వరుసలోకి వస్తుంది, దానికి సీరియల్ 8250 డీడబ్ల్యూ ఎంపిక 'వై'గా ఉండాలి. రాక్‌చిప్ బోర్డులలో ఎక్కువ వాటికి సీరియల్ వేగం 15,00,000 బాడ్ అని కూడా గుర్తుంచుకోండి. 1,15,200 దగ్గర పెట్టుకుని చూసేవారికి చెత్త అక్షరాలు తప్ప ఏమీ కనిపించవు.

32 బిట్ ఆర్మ్‌లో డీబగ్ ఎల్ఎల్ అనే ఎంపిక ఇదే పని చేస్తుంది, కానీ అది ఒకే ఒక్క పోర్టు చిరునామాను కెర్నల్‌లో పాతేస్తుంది. ఒక బోర్డు కోసం దాన్ని ఆన్ చేసి, అదే ఇమేజ్‌ను వేరే చిప్ మీద పెడితే లేని చిరునామాకు రాయబోయి అక్కడే ఆగిపోవచ్చు. తప్పు వెతకడానికి పెట్టిన ఎంపికే తప్పుకు కారణమవుతుంది కనుక, పని కాగానే దాన్ని తీసేయాలి.

ఎర్లీకాన్ పెట్టినా ఒక్క అక్షరం రాకపోతే, డివైస్ ట్రీ ఫైలు ఆ బోర్డుదేనా అని చూసుకుని, వెంటనే పేజీ (మెమరీని విభజించే ముక్క) పరిమాణం చూడండి. ఆర్మ్64 కెర్నల్‌ను 4కె, 16కె, 64కె పేజీలలో ఏదో ఒకదానితో బిల్డ్ చేస్తాం. అన్ని ప్రాసెసర్లూ మూడింటినీ ఒప్పుకోవు. కార్టెక్స్ ఎ53 కోర్లు 16కె పేజీలను ఒప్పుకోవు, ఆపిల్ ఎం1 64కె పేజీలను ఒప్పుకోదు. ప్రాసెసర్ ఒప్పుకోని పరిమాణం ఎదురైతే కెర్నల్ కన్సోల్ సిద్ధం కాకముందే, ఏమీ చెప్పకుండా ఆగుతుంది. రాస్‌బెర్రీ పై 5 కోసం బీసీఎం2712 డెఫ్‌కాన్ఫిగ్‌తో చేసిన కెర్నల్ 16కె పేజీలది; దాన్ని ఎ53 కోర్లున్న పై 3 కార్డులో పెడితే జరిగేది ఇదే. పై 3, పై 4, పై 5 మూడింటిలోనూ 64 బిట్‌లో నడవాలంటే బీసీఎం2711 డెఫ్‌కాన్ఫిగ్‌తో 4కె కెర్నల్ చేసుకోవాలి.

ఎక్స్86లో ఇలాంటి పొరపాటు చాలావరకు మాటల్లోనే బయటపడుతుంది: ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, కానీ ఐ686 మాత్రమే కనిపించిందనో, పీఏఈ (4 జీబీ దాటిన మెమరీని అందుకునే సౌకర్యం) లేదనో ముందే చెప్పి ఆగుతుంది. ప్రాసెసర్ ఫ్యామిలీ మెనూలో ఉన్నవాటిలో అన్నిటికంటే పాత యంత్రానికి సరిపోయేదాన్ని ఎంచుకోండి. 80386కు మద్దతును మాత్రం 3.8 వెర్షన్‌లోనే తీసేశారు.

రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదని ప్యానిక్, లేదా దాని కోసం అంతులేని ఎదురుచూపు

'అన్‌నోన్ బ్లాక్ 0,0' అనే ప్యానిక్‌ను (కెర్నల్ ఇక సాగలేక ఆగిపోవడం) చాలామంది ఫైల్‌సిస్టమ్ పాడైందనుకుంటారు. దాని పైన కెర్నల్ తనకు తెలిసిన పార్టిషన్ల జాబితా ముద్రిస్తుంది, దాన్ని చదవండి. జాబితా ఖాళీగా ఉంటే డిస్కు కంట్రోలర్ డ్రైవర్ లేదు: ఎన్‌వీఎంఈ డిస్కుకు బ్లాక్ డెవ్ ఎన్‌వీఎంఈ, సాటాకు సాటా ఏహెచ్‌సీఐ, వర్చువల్ మెషీన్‌కు వర్టియో పీసీఐ, వర్టియో బ్లాక్, ఇంటెల్ వీఎండీ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కు వీఎండీ. డిస్కు జాబితాలో ఉండి కూడా మౌంట్ కాకపోతే ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ లేదు, లేదా రూట్ విలువ తప్పు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు రూట్‌కు ముందు మెమరీలోకి వచ్చే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లేకుండా బూట్ చేసేవారు ఇక్కడే ఒక గుంటలో పడతారు. రూట్ దగ్గర యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఇస్తే కెర్నల్‌కు అది అర్థం కాదు, ఆ పని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోని ప్రోగ్రాములది. కెర్నల్‌కు స్వయంగా తెలిసినది పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య). పై డ్రైవర్లు 'ఎం'గా ఉంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉండి తీరాలి, అది వద్దనుకుంటే అన్నీ 'వై'గా ఉండాలి.

బోర్డులలో ప్యానిక్ బదులు రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నానన్న వరుస వచ్చి అక్కడే నిలిచిపోవడం ఎక్కువ. ఆర్‌కే3399 చిప్ ఉన్న ఒక బోర్డు మీద నేను రెండు సాయంత్రాలు మెమరీ కార్డు డ్రైవర్‌నే అనుమానించాను. ఎంఎంసీ డీడబ్ల్యూ రాక్‌చిప్ ఎంపిక 'వై'గానే ఉంది, డివైస్ ట్రీ సరైనదే. కార్డు స్లాటుకు కరెంటు ఇచ్చేది ఆర్‌కే808 చిప్; ఆ చిప్‌తో మాట్లాడేది ఐ2సీ ఆర్‌కే3ఎక్స్ డ్రైవర్; నా కాన్ఫిగ్‌లో ఆ డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంది, ఆ మాడ్యూల్ ఫైలేమో ఇంకా తెరుచుకోని ఆ కార్డులోనే ఉంది. కరెంటు వచ్చేదాకా కార్డు డ్రైవర్ తన ప్రయత్నాన్ని వాయిదా వేసుకుంటూ పోయింది. ఒక బోర్డులో కార్డు నుంచి బూట్ కావాలంటే కార్డు డ్రైవర్‌తో పాటు, దానికి క్లాకు, పిన్‌లు, రెగ్యులేటర్ ఇచ్చే గొలుసు మొత్తం 'వై'గా ఉండాలి. డివైస్ ట్రీలో ఆ కార్డు నోడు దగ్గర మొదలుపెట్టి సప్లై అని ఉన్న ప్రతి వరుసనూ వెనక్కి పట్టుకుంటూ వెళ్తే గొలుసు తెలిసిపోతుంది. మరో విధంగా బూట్ చేయగలిగితే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని డివైసెస్ డిఫర్డ్ ఫైలు వాయిదాలో ఉన్న డివైసుల పేర్లు చెబుతుంది.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడేవారికి ఒక మాట. అది ప్రస్తుతం లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లనే ఉంచి మిగతావి తీసేస్తుంది కనుక, వేరే యంత్రం కోసం బిల్డ్ చేసేటప్పుడు ఆ యంత్రంలో ఎల్ఎస్‌మాడ్ నడిపి తెచ్చిన ఫైలును దానికి ఇవ్వాలి. ఆ ఫైలు తీసేముందు రోజూ వాడే యూఎస్‌బీ పరికరాలన్నీ తగిలించి ఉంచాలి.

ఇనిట్ మొదలుకావడం లేదు

ఇనిట్ అంటే కెర్నల్ నడిపే మొదటి యూజర్ ప్రోగ్రాము. ఎర్రర్ మైనస్ 8 అని వస్తే కెర్నల్‌కు ఆ ప్రోగ్రాము ఫైలు రూపం తెలియదు. 64 బిట్ కెర్నల్ మీద 32 బిట్ యూజర్ ప్రోగ్రాములు ఉంటే ఎక్స్86లో ఐఏ32 ఎమ్యులేషన్, ఆర్మ్64లో కంపాట్ ఆన్ చేయాలి. ఆర్మ్64లో కంపాట్ ఎంపిక 4కె పేజీలతోనే మామూలుగా కనిపిస్తుంది, ఇతర పేజీలతో కావాలంటే ఎక్స్‌పర్ట్ ఆన్ చేయాలి. మిప్స్‌లో కెర్నల్ బిగ్ ఎండియన్, ప్రోగ్రాములు లిటిల్ ఎండియన్ అయినా ఇదే ఎర్రర్.

ఇనిట్ మొదలై వెంటనే చనిపోయి, ఎగ్జిట్‌కోడ్ చివర 4 కనిపిస్తే అది ప్రాసెసర్‌కు తెలియని సూచన. 32 బిట్ ఆర్మ్‌లో వీఎఫ్‌పీ (దశాంశ లెక్కలు చేసే యూనిట్) ఎంపిక మరిచిపోవడం మొదటి అనుమానం. వీఎఫ్‌పీ ఉన్నా అదే వస్తే ఇక కెర్నల్‌లో వెతకకండి: మొదటి రాస్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్ వీ6 కోరు, డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ ప్రోగ్రాములు వీ7 కోసం తయారైనవి, ఏ కాన్ఫిగ్ మార్చినా అవి దాని మీద నడవవు, వీ6 కోసం చేసిన వ్యవస్థ వేయాలి.

బూట్ అయింది, కానీ మెమరీ లేదా కోర్లు తక్కువ

32 బిట్ ఎక్స్86లో హైమెమ్ ఆఫ్‌లో ఉంటే మెమరీ దాదాపు 896 ఎంబీ దగ్గర ఆగుతుంది. కోర్లు తక్కువైతే ఎన్ఆర్ సీపీయూస్ పరిమితి దాటిందన్న వరుస డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ఉంటుంది, ఆ సంఖ్య పెంచండి.

కెర్నల్ బాగానే ఉంది, కొన్ని ప్రోగ్రాములో మాడ్యూళ్లో మాత్రం మొండికేస్తున్నాయి

16కె లేదా 64కె పేజీల కెర్నల్ మీద ఒక ప్రోగ్రాము సిస్టమ్ పేజీ పరిమాణం తనకు చెల్లదని చెప్పి ఆగితే, అది 4కె పేజీలనే నమ్మి తయారైనది. రాస్‌బెర్రీ పై 5లో కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ ఫైలులో కెర్నల్8 ఇమేజ్ పేరు ఇస్తే 4కె కెర్నల్ బూట్ అవుతుంది. పేజీ పరిమాణం మార్చిన తరవాత పాత స్వాప్ కూడా పనిచేయదు, మేక్‌స్వాప్‌తో మళ్లీ తయారు చేయాలి.

మాడ్యూల్ ఫార్మాట్ చెల్లదంటూ వెర్షన్ మ్యాజిక్ తేడా చూపిస్తే, ఇమేజ్ ఒక బిల్డ్‌ది, మాడ్యూళ్లు మరో బిల్డ్‌వి. ఇమేజ్ కాపీ చేసి మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ మరవడం వల్లే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. క్రాస్ బిల్డ్‌లో ఆ కమాండ్ నడిపేటప్పుడు ఇన్‌స్టాల్ మాడ్ పాత్ విలువగా బోర్డు కార్డు మౌంట్ అయిన డైరెక్టరీని ఇవ్వండి. ఇవ్వకపోతే బోర్డు మాడ్యూళ్లు మీ సొంత కంప్యూటర్ లిబ్ మాడ్యూల్స్ డైరెక్టరీలోకి చేరతాయి, బోర్డులో పాతవే మిగులుతాయి.