ఎవరికైనా గేమ్ చెప్పే ముందు

"అన్నా, ఏదైనా మంచి గేమ్ చెప్పండి" అని మా గ్రూపులో ఒక్క మెసేజ్ పడితే చాలు, పది నిమిషాల్లో ఇరవై పేర్లు వచ్చి పడతాయి. మా గ్రూపంటే విజయవాడ, గుంటూరు, మధ్యలో మంగళగిరి, తాడేపల్లి వాళ్ళం. కొందరు ఫోన్ మీద ఆడేవాళ్ళు, కొందరు పీసీ మీద, ఇద్దరు ముగ్గురికి ప్లేస్టేషన్ ఉంది. పోయినేడాది విజయవాడ పటమట నుంచి ఒక తమ్ముడు ఇలాగే అడిగాడు. నేను అప్పుడే ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ (మ్యాప్‌లో ఎక్కడికైనా మన ఇష్టమొచ్చినట్టు తిరిగేది) పూర్తి చేసి ఆ ఊపులో ఉన్నాను కాబట్టి కళ్ళు మూసుకుని కొనెయ్ అన్నాను. కొనేశాడు. వాడి ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే, గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ఆ సంగతి నేను అడగనే లేదు. సెట్టింగులు తగ్గించుకుంటూ, రీస్టార్ట్ కొడుతూ రాత్రి ఒంటిగంట దాకా తంటాలు పడ్డాడు, ఈలోపు డబ్బులు వెనక్కి అడిగే గడువు కాస్తా దాటిపోయింది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులవి. తప్పు పూర్తిగా నాది. అప్పటినుంచి నాలుగు మాటలు అడక్కుండా ఎవరికీ గేమ్ పేరు చెప్పను.

ముందు దేనిమీద ఆడతారో అడగండి. ఫోనా, పీసీనా, పీసీ అయితే ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డ్ ఏది. ఎల్డెన్ రింగ్‌కి కనీసం 12 జీబీ ర్యామ్ కావాలని స్టోర్ పేజీలోనే రాసి ఉంటుంది, కానీ మొదటిసారి కొనేవాళ్ళు అంత కిందికి వెళ్ళి చూడరు, చూసి చెప్పాల్సింది మనమే. నెట్ సంగతి కూడా అడగండి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీలో 150 జీబీ జాగా అడుగుతుంది. రోజుకి 2 జీబీ మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే హాస్టల్ కుర్రాడికి ఆ గేమ్ చెబితే డౌన్‌లోడ్ అవ్వడానికే రెండు నెలలకు తక్కువ పట్టదు. పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొనేవాళ్ళకైతే రిఫండ్ రూలు కూడా ముందే చెప్పండి: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన టైం 2 గంటలు దాటకముందే అడగాలి. గేమ్ తెరిచి సెట్టింగులు మార్చుకుంటూ కూర్చున్నా అది ఆడిన టైం కిందకే వస్తుంది.

ఇక అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న, మధ్యలో వదిలేసిన గేమ్ ఏది, ఎందుకు వదిలేశావు అని. నచ్చినవి ఏంటని అడిగితే అందరూ పేరున్న నాలుగూ చెబుతారు, దానివల్ల మనకేం తెలీదు. వదిలేసినదాని గురించి అడిగితే మనిషి అసలు రుచి బయటపడుతుంది. "విచర్ 3 వదిలేశానన్నా, ఎక్కడికెళ్ళినా మాటలే" అన్నవాడికి ఇంకో కథ గేమ్ చెప్పి లాభం లేదు, హేడిస్ చెప్పండి, ఒక్కో ఆట అరగంట చిల్లరలో తేలిపోతుంది, చస్తే మళ్ళీ మొదటికొస్తాడు, కానీ ప్రతిసారీ చేతికొచ్చే శక్తులు వేరు. "మ్యాప్ నిండా గుర్తులే, అవన్నీ చూస్తే ఆఫీసు పనిలా ఉంది" అన్నవాళ్ళకి హాలో నైట్ బాగా ఎక్కుతుంది, అందులో మ్యాప్ కూడా మనమే వెతుక్కుని కొనుక్కోవాలి.

అడగడం అయ్యాక చెప్పే పద్ధతి. "మాస్టర్‌పీస్ బ్రో, తప్పకుండా ఆడు" అంటే అవతలివాళ్ళకి ఒక్క ముక్క కూడా తెలీదు. ఆ గేమ్‌లో చేతులతో ఏం చేస్తాం, ఎప్పటినుంచి బాగుంటుంది, ఎక్కడ విసుగొస్తుంది, ఎవరికి పడదు, ఈ నాలుగూ చెబితే చాలు. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అక్క ఉంది, బ్యాంకు ఉద్యోగం, పిల్లలు పడుకున్నాక రాత్రి నలభై నిమిషాలు దొరుకుతుంది, అంతే. ఆమెకి నేను రాసింది ఇది:

"అక్కా, స్టార్‌డ్యూ వ్యాలీ చూడండి. తాతగారి పొలం మీకొస్తుంది, దున్నడం, విత్తనాలెయ్యడం, నీళ్ళు పెట్టడం, ఊళ్ళో వాళ్ళతో పరిచయాలు. ఆటలో ఒక రోజంటే మనకి దాదాపు 14 నిమిషాలు, కాబట్టి రాత్రికి రెండు మూడు రోజులు ఆడుకోవచ్చు. పీసీలో ఆడితే ఒకటి గుర్తుంచుకోండి, ఆటలో పడుకుంటేనే సేవ్ అవుతుంది, మధ్యలో కట్టేస్తే ఆ రోజు పని పోతుంది. మొదటి వారం చేతిలో డబ్బులుండవు, ఒంట్లో ఓపిక ఊరికే అయిపోతుంది, అక్కడ కాస్త ఓర్చుకోండి. ఫోన్‌లో కూడా ఉంది."

2016లో వచ్చిన ఈ గేమ్‌ని ఎరిక్ బరోన్ అనే ఒక్కడే బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ చూసుకుంటూ తయారుచేశాడు. ఆ సంగతి మాత్రం ఆమె ఆట మొదలుపెట్టాక చెప్పాను, ముందే చెబితే మొహమాటానికి కొంటారు.

స్పాయిలర్ల విషయంలో, అంటే ముందేం జరుగుతుందో బయటపెట్టేయడంలో, మనవాళ్ళం ఇంకా మారాలి. "చివర్లో ట్విస్ట్ ఉంది చూడు" అనడం కూడా స్పాయిలరే, వినేవాడు ఇక మొదటినుంచీ ఆ ట్విస్ట్ కోసమే కాచుకుని కూర్చుంటాడు. ఔటర్ వైల్డ్స్ లాంటి వాటిల్లో అయితే లెవెళ్ళు, కత్తులు ఏమీ ఉండవు, మనం తెలుసుకున్న విషయమే మన సంపాదన, అది ముందే చెప్పేస్తే గేమ్ మొత్తం లాగేసుకున్నట్టే. గేమర్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో మాటకి అటు రెండు, ఇటు రెండు నిలువు గీతలు పెడితే అది మూసుకుపోతుంది, టెలిగ్రామ్‌లోనూ మాటలు సెలెక్ట్ చేసి స్పాయిలర్ పెట్టొచ్చు. అలాంటి సౌకర్యం లేని చోట గేమ్ పేరు, ఎన్నో చాప్టరో మొదటి లైన్లో రాసి, కింద ఖాళీ వదిలి విషయం రాయండి.

ఎవరైనా ఎక్కడో ఇరుక్కుని అడిగితే జవాబు మొత్తం ఒకేసారి పెట్టకండి. ఎల్డెన్ రింగ్ మొదట్లోనే బంగారు కవచంతో గుర్రం మీద ఒకడు తిరుగుతుంటాడు, కొత్తవాళ్ళు వాడితోనే నాలుగు గంటలు చావుదెబ్బలు తింటారు. "వాడితో ఇప్పుడే పెట్టుకోకు, పక్కనుంచి వెళ్ళిపో" అంటే చాలు. అప్పటికీ కాకపోతే ఇంకో మాట. "ఆడటం నేర్చుకో ముందు" అని మాత్రం ఎవరినీ అనొద్దు, మా గ్రూపులో ఆ ఒక్క మాటకి ముగ్గురు వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఈజీ మోడ్ పెట్టుకున్నవాళ్ళని తక్కువ చేయడం కూడా అంతే. హేడిస్‌లో గాడ్ మోడ్ పెట్టుకుంటే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం, అలా 80 దాకా. చేసినవాళ్ళే ఆలోచించి పెట్టారు దాన్ని, వాడుకుంటే మనకేంటి?

గొడవలు ఎక్కువగా ఒక మాట దగ్గరే మొదలవుతాయి. "నాకు నచ్చలేదు" వేరు, "గేమ్ బాగోలేదు" వేరు. మొదటిది అంటే ఎందుకని అడుగుతారు, రెండోది అంటే మీద పడతారు. ఎన్ని గంటలు ఆడి చెబుతున్నారో కూడా చెప్పండి. రెడ్ డెడ్ 2 మొదటి చాప్టరంతా మంచులో నెమ్మదిగా సాగుతుంది, అక్కడే ఆపేసినవాడి మాటకీ, కథ మొత్తం చూసినవాడి మాటకీ తేడా ఉంటుంది, రెండూ వినదగ్గవే, కానీ ఎవరిది ఏదో తెలియాలి. యూట్యూబ్‌లో చూసి ఆడినట్టు మాట్లాడొద్దు.

కొత్తవాళ్ళని మీరు అనే పిలవండి, బావా, మావా తర్వాత వాటంతట అవే వస్తాయి. వాయిస్‌లో ఆడపిల్ల గొంతు వినపడగానే ఊరేంటి, ఫోటో పెట్టు అనేవాళ్ళని అక్కడికక్కడే ఆపండి, అడ్మిన్ వచ్చేదాకా ఆగొద్దు. గేమ్ చెప్పమంటే డబ్బులు పెట్టి ఆడే యాప్ లింకు పెట్టేవాళ్ళు కూడా ఉంటారు, 2025లో కేంద్రం చేసిన చట్టం అలాంటి వాటిని దేశమంతా నిషేధించింది, లింకు తీసేయమని చెప్పండి. డబ్బులు లేవన్నవాళ్ళకి క్రాక్ (దొంగ) కాపీ కంటే ఎపిక్ స్టోర్ వారంవారం ఉచితంగా ఇచ్చే గేములు చూపించండి, లేదా విష్‌లిస్ట్‌లో పెట్టుకుని సేల్ దాకా ఆగమనండి.

చెప్పేసి వదిలేయకుండా వారం తర్వాత ఒకసారి పలకరించండి, ఆడారా, ఎక్కడున్నారు అని. బ్రాడీపేట అక్కని అలాగే అడిగితే రాత్రి పదకొండింటికి జవాబొచ్చింది: "పొలం బాగుంది తమ్ముడూ, ఇంతకీ ఇందులో మిర్చి ఉందా?" ఉందక్కా, వేసవి మొదటి రోజునే వేసుకోండి, అయిదు రోజులకి కాపుకొస్తుంది, ఆ తర్వాత మూడ్రోజులకోసారి కోసుకోవచ్చు అని రాశాను. నాలుగు రోజులాగి స్క్రీన్‌షాట్ పెట్టింది, పొలమంతా మిర్చే.