మందుల రిమైండర్‌ను తిండి వేళకు ముడిపెట్టాం

డాక్టరు చీటీలో 1-0-1 (ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) ఉంటే మా యాప్ ఉదయం 8కి, రాత్రి 8కి మోగేది. చిక్కంతా ఆ 8తోనే. థైరాయిడ్ మందు థైరాక్సిన్ పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు దాంతో 4 గంటల ఎడం కావాలి. చీటీ మీద ఇదంతా ఎవరు రాస్తారు? ఫార్మసిస్టును కూర్చోబెట్టుకుంటేనే బయటపడింది.

డేటాబేస్‌లో టైం గడి తీసేసి మూడు పెట్టాం: ఏ పూట తిండి, ముందా తర్వాతా, ఎన్ని నిమిషాలు. మందుల మధ్య ఎడం పట్టిక వేరే. దాన్ని మార్చే హక్కు ఫార్మసిస్టు లాగిన్‌కే. రోగి నిద్రలేచే వేళ, టిఫిన్ వేళ నర్సు అడిగి నింపుతుంది.

ఉపవాసం బటన్ కూడా నర్సు పట్టుబట్టిందే. అది నొక్కితే షుగర్ మందుల వేళలను యాప్ సొంతంగా జరపదు, డాక్టరును అడగమంటుంది.