లాన్ కింద లీకు: గునపం పట్టే ముందు ట్యాంకు ఎక్కండి

అర్ధరాత్రి రెండింటికి మా తోట మోటారు దానంతటదే ఆన్ అయింది. నిమిషం ఆడి ఆగిపోయింది. ఇరవై నిమిషాలకి మళ్ళీ అదే తంతు. మా ఆయన "వోల్టేజీ గొడవలే, పడుకో" అని అటు తిరిగారు. బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి, పైపుల జోలికి రారు. నేను లెక్కల టీచర్ని. నిద్ర ఎలాగూ పట్టదని లేచి, తెల్లారేదాకా మోటారు ఎన్నిసార్లు ఆడిందో కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. 

మేముండేది పర్లాకిమిడిలో. ఇంటి ముందు లాన్ రెండు సెంట్లు కూడా ఉండదు. విశాఖలో ఉన్న మా అబ్బాయి ముచ్చటపడి దానికి స్ప్రింక్లర్లు పెట్టించాడు. బోరు నీళ్ళు మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకులోకి వస్తాయి. అక్కడి నుంచి చిన్న ప్రెషర్ పంపు తోటకి తోస్తుంది. రాత్రి ఆడిన మోటారు ఇదే, పైపులో ప్రెషర్ తగ్గితే దానంతటదే ఆన్ అవుతుంది. పంపు నుంచి వాల్వుల పెట్టె దాకా ఒక మెయిన్ పైపు, పెట్టెలో మూడు కరెంటు వాల్వులు, ఒక్కో వాల్వు కింద నాలుగేసి స్ప్రింక్లర్లు, అదొక లైను. మెయిన్ పైపులో ప్రెషర్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. వాల్వు దాటాక ఉండే పైపుల్లో మాత్రం గడ్డికి నీళ్ళు పెట్టేటప్పుడే ఉంటుంది. కాబట్టి ఎవరూ నీళ్ళు వాడని వేళ మోటారు ఆడిందంటే, మెయిన్ పైపయినా కారుతుండాలి, వాల్వయినా సరిగ్గా మూసుకోకపోయి ఉండాలి. ఈ తేడా ముందే తెలిసుంటే నాకు ఒక గొయ్యి తవ్వే పని తప్పేది.

అవును, మొదట నేను చేసింది అదే తప్పు. పారిజాతం చెట్టు పక్కన గడ్డి మిగతా చోట్ల కన్నా పచ్చగా, కాలేస్తే మెత్తగా ఉంది. లీకు ఇక్కడే అనుకుని కుర్రాణ్ణి పిలిచి మోకాలి లోతు తవ్వించాను. పైపు చెక్కుచెదరలేదు. "పైపు బాగానే ఉంది టీచరమ్మా, నీళ్ళెక్కడివో మరి" అన్నాడు వాడు బురద చేతులతో. పైపు వేసిన గాడిలో మట్టి ఎప్పుడూ గుల్లగానే ఉంటుంది. ఎగువన కారిన నీళ్ళు ఆ గాడి వెంబడే జారి, దారి దొరికిన చోట పైకి వస్తాయి. తడి కనిపించే చోటు వేరు, లీకుండే చోటు వేరు.

అందుకని ముందు ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. మునిసిపాలిటీ మీటరున్నవాళ్ళు కుళాయిలన్నీ కట్టేసి మీటరు తిరుగుతోందేమో చూసుకుంటే చాలు. మాలాంటి బోరువాళ్ళకి ట్యాంకే మీటరు. కుట్టుమిషను టేపుతో ట్యాంకు చుట్టుకొలత తీశాను, 345 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం 110. అందులో సగం 55ని 55తో, మళ్ళీ 3.14తో గుణిస్తే దాదాపు 9,500 ఘన సెంటీమీటర్లు. అంటే ట్యాంకులో నీళ్ళు ఒక సెంటీమీటరు తగ్గితే తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. మీ ట్యాంకు నిలువుగా, గుండ్రంగా ఉంటే మీకూ ఇదే లెక్క పనికొస్తుంది.

రాత్రి పదింటికి బోరు మోటారు స్విచ్ కట్టేశాను, ఇంట్లోకి వెళ్ళే వాల్వు కూడా మూసేశాను. తోట పంపు ఒక్కటే ఆన్‌లో ఉంచాను, వాల్వుల్ని వేళకి తెరిచే టైమరు మాత్రం ఆఫ్. పొడి వెదురు కర్రని ట్యాంకు అడుగు తాకేలా నిటారుగా దింపి, తడి ఎక్కడిదాకా ఉందో పెన్సిల్‌తో గీత పెట్టాను. ఉదయం ఐదింటికి మళ్ళీ దింపితే పద్నాలుగు సెంటీమీటర్లు తక్కువ. ఏడు గంటల్లో 133 లీటర్లు! రోజుకి నాలుగు వందల యాభై పైనే. మే నెలలో బోరు తడారిపోయే ఊళ్ళో ఇన్ని నీళ్ళు ఊరికే మట్టిలోకి పోతున్నాయని తెలిసి, కాఫీ తాగబుద్ధి కాలేదు.

రెండో రాత్రి పంపు పక్కనే ఉన్న చేతి వాల్వు కూడా మూసి, పంపు ఆపేసి, మళ్ళీ కొలిచాను. గీత కదల్లేదు. కదిలి ఉంటే ట్యాంకు జాయింటో, పంపో కారుతున్నట్టు. కదల్లేదు కాబట్టి దొంగ తోటలోనే ఉన్నాడు. 

తర్వాత వాల్వులు. ఇందుకు పనిముట్టేమీ అక్కర్లేదు. నీళ్ళు పెట్టాక గంటాగి, ఒక్కో లైనులో అన్నిటికన్నా పల్లంలో ఉన్న స్ప్రింక్లర్ మెడ చుట్టూ పాత పేపరు పరచండి. నీళ్ళు ఆపిన కొద్ది నిమిషాలు పల్లపు స్ప్రింక్లర్ కారడం మామూలే, పైపులో మిగిలినది దిగిపోతుంది. దాన్ని లీకనుకుని టెన్షన్ పడొద్దు. గంట దాటాక కూడా పేపరు తడుస్తుంటే మాత్రం ఆ లైను వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు. మాకు గేటు పక్క స్ప్రింక్లర్ దగ్గర, అంటే రెండో లైనులో, పేపరు ముద్దయిపోయింది.

వాల్వు విప్పడం గ్యాసు స్టవ్ బర్నర్ కడిగినంత పని, అంతే. ముందు టైమరు కరెంటు తీసేయండి, పంపు ఆపి చేతి వాల్వు మూసేయండి, ఏదైనా స్ప్రింక్లర్ లైను వాల్వుని చేత్తో కాసేపు తెరిచి ప్రెషర్ వదిలేయండి. పై మూత స్క్రూలు తీసి మూత మెల్లగా ఎత్తండి. లోపల స్ప్రింగు ఉంటుంది, ఎగిరి గడ్డిలో పడితే వెతకలేక చస్తారు. నేను కింద పాత తువ్వాలు పరిచి చేశాను. స్ప్రింగు కింద నల్లటి రబ్బరు పొర ఉంటుంది, డయాఫ్రమ్ అంటారు. మాది తీసి వెలుతురుకి పట్టి చూశాను. చిరగలేదు. కానీ అది కూర్చునే అంచు మీద బోరు ఇసుక, ఆవగింజలో సగమంత రెండు రేణువులు. ఆ రెంటి వల్లే వాల్వు మూసుకోవట్లేదు! మంచి నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అంచు తుడిచి, పొర తీసినప్పుడు ఎటు తిరిగి ఉందో అటే పెట్టి బిగించాను. స్క్రూలు ఒక మూలది, తర్వాత దాని ఎదురు మూలది, ఇలా కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే ఇంకో పక్క కారుతుంది. పొర చిరిగి ఉంటే అతికించొద్దు, పాతది పట్టుకుని షాపుకెళ్ళి అలాంటిదే తెచ్చుకోండి. 

ఆ రాత్రి కొలిస్తే పద్నాలుగు కాస్తా ఐదుకి దిగింది. సున్నాకి మాత్రం రాలేదు. ఒక లీకు వెనకాల ఇంకోటి దాక్కుని ఉంటుందని అప్పుడు తెలిసింది. కొలవకపోతే పని అయిపోయిందనుకునేదాన్ని.

మిగిలింది మెయిన్ పైపు. అడుగున్నర పొడవు మొండి ఇనుప ఊచ తీసుకుని, పైపు వెళ్ళే దారికి జానెడు పక్కగా, అడుక్కొకసారి గుచ్చుతూ పోయాను. పైపు మీద గుచ్చితే కొత్త లీకు మీరే పెట్టినట్టు. వాల్వుల తీగలు సాధారణంగా పైపు పక్కనే పోతాయి, గట్టిగా పొడవద్దు. ఊచ బయటికి తీసి మొనకి అంటిన మట్టి చూడండి. మా ఎర్రమట్టి పొడిగా ఉంటే ఊచకి అంటదు, తడిగా ఉంటే కుంకుమ ముద్దలా పట్టుకుంటుంది. పారిజాతం దగ్గర నుంచి ఎగువకి పోయేకొద్దీ ముద్ద వస్తూనే ఉంది, వాల్వుల పెట్టెకి నాలుగడుగుల ఇవతల మలుపు దాటాక ఒక్కసారిగా పొడి. తడికీ పొడికీ మధ్య ఉన్న ఆ మలుపు దగ్గరే తవ్వించాను, ఈసారి తాపీతో మెల్లగా.

ఎల్బో, అంటే మలుపు దగ్గర పెట్టే వంపు ముక్క! పైపు వేసినవాళ్ళు దాని ఒక పక్క సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాయనేలేదు, ఊరికే దూర్చి మట్టి కప్పేశారు. రెండేళ్ళు ఎలా నిలిచిందో ఆ జగన్నాథుడికే తెలియాలి.

పాత జాయింటు మీద పైనుంచి ఎం-సీల్ పూయడం దండగ, లోపలి ప్రెషర్‌కి ఊడొస్తుంది. ఎల్బోని రెండు వైపులా కోసి పారేయండి. పాతపట్నం హార్డ్‌వేర్ షాపులో అతను "ముప్పావా, ఇంచా?" అనడిగితే నీళ్ళు నమిలాను, కోసిన ముక్క చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. కొత్త ఎల్బో, రెండు పైపు ముక్కలు, వాటిని పాత పైపుకి కలిపే రెండు సాకెట్లు, చిన్న సొల్యూషన్ డబ్బా తెచ్చాను. ఆఖరి సాకెట్ ఎక్కాలంటే పైపు కాస్త వంగాలి, అందుకని రెండు పక్కలా రెండేసి అడుగులు మట్టి తీసి ఉంచండి. కోసిన అంచు గరుకు గీకేసి, గుడ్డతో పూర్తిగా ఆరేలా తుడవండి. ఒక్క నీటి చుక్క ఉన్నా జాయింటు పట్టదు. రెండు భాగాలకీ పల్చగా రాసి, దూర్చి, పావు తిప్పు తిప్పి, ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా వదలొద్దు. వదిలితే అదే వెనక్కి జరుగుతుంది. డబ్బా మీద రాసినంతసేపు ఎలాగూ ఆగాలి, నేను రాత్రంతా వదిలేశాను. మరలున్న జాయింట్లకి సొల్యూషన్ వద్దు, టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించి ఆపై కొంచెం తిప్పితే చాలు. స్పానరుతో బలమంతా చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

వాల్వు దాటిన పైపుల్లో లీకుంటే రాత్రి కొలతకి దొరకదు. దానికి ఒక్కో లైను పది నిమిషాలు ఆడించి ట్యాంకు ఎంత తగ్గిందో అంతా బాగున్నప్పుడే రాసిపెట్టుకోండి. మా మొదటి లైనుకి పదకొండు సెంటీమీటర్లు. ఎప్పుడైనా పదిహేను వచ్చి, స్ప్రింక్లర్ చినుకులు దగ్గరే పడిపోతుంటే ఆ లైను చూడాలి. చాలాసార్లు అది గడ్డి కోసే మిషను తగిలి విరిగిన మెడే అయ్యుంటుంది.

గొయ్యి వెంటనే పూడ్చొద్దు. ముందు చివరి స్ప్రింక్లర్ తీసేసి ఆ లైనులో బురద పోయేదాకా నీళ్ళు వదలండి. దాన్ని మళ్ళీ బిగించి ఒక రాత్రి కర్ర కొలత తీయండి. గీత కదలకపోతే పైపు చుట్టూ రాళ్ళు లేని ఇసుక, దాని మీద మట్టి వేయండి. నేను పూడ్చే ముందు పాత క్యాలెండర్ వెనక తోట పటం గీసి పెట్టాను: ఎల్బో, గేటు స్తంభం నుంచి 7 అడుగులు, ప్రహరీ నుంచి 3, లోతు జానాబెత్తెడు.