మీ దగ్గర రాని వార్నింగ్ వాళ్ల దగ్గర ఎందుకు వస్తోంది

లినక్స్ డ్రైవర్‌కి ప్యాచ్ పంపారు. మీ మెషీన్‌లో బిల్డ్ శుభ్రంగా అయింది, రివ్యూ చేసేవాళ్ల దగ్గర మాత్రం వార్నింగ్. కాన్ఫిగ్‌లో వెర్రర్ ఆప్షన్ (2021 నాటి 5.15 నుంచి ఉంది) ఆన్‌లో ఉంటే ఆ వార్నింగ్‌తోనే బిల్డ్ ఆగిపోతుంది కూడా.

ముందు ఒకటి చెప్పండి, ఆ ఫైల్ అసలు కంపైల్ అయిందా? మేక్ (బిల్డ్ నడిపే టూల్) మారని ఫైల్ జోలికి పోదు. నిన్న వార్నింగ్ ఇచ్చి ఆబ్జెక్ట్ ఫైల్ తయారైపోయిందంటే ఇవాళ ఏమీ కనిపించదు. కాన్ఫిగ్‌లో ఆ డ్రైవర్ ఆఫ్‌లో ఉంటే అసలు ముట్టుకోదు. ఆబ్జెక్ట్ ఫైల్ తీసేసి, డబ్ల్యూ=1 (అదనపు వార్నింగ్‌లు చూపించే ఆప్షన్) పెట్టి, ఆ ఒక్క ఫైల్‌ని మళ్లీ బిల్డ్ చేయండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి కంపైలర్ వెర్షన్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

సస్పెండ్, రెజ్యూమ్ ఫంక్షన్లు "వాడలేదు" అని వస్తే, వాళ్ల కాన్ఫిగ్‌లో పీఎం స్లీప్ (సస్పెండ్ సపోర్ట్) ఆఫ్‌లో ఉన్నట్టు. ఇఫ్‌డెఫ్‌లు (కాన్ఫిగ్‌ని బట్టి కోడ్‌ని తీసేసే షరతులు) చుట్టకండి, పీఎం_స్లీప్_పీటీఆర్ మాక్రో ఉన్నది అందుకే.

"ఫార్మాట్ ఒక టైప్ అడుగుతోంది, మీరిచ్చింది ఇంకోటి" అని వస్తే మాత్రం తొందరపడకండి. నాకు చేతులు కాలింది ఇక్కడే.

డీఎంఏ అడ్రస్ (డివైస్ నేరుగా మెమరీని చేరడానికి వాడే అడ్రస్) టైప్ సైజు కాన్ఫిగ్‌ని బట్టి మారుతుంది. 64 బిట్ మెషీన్‌లో 64 బిట్లు, చాలా 32 బిట్ కాన్ఫిగ్‌లలో 32. ఓ 32 బిట్ బోర్డు బిల్డ్‌లో ఈ వార్నింగ్ వస్తే, ప్రింట్ లైన్‌లో యూ32 కాస్ట్ (విలువని బలవంతంగా 32 బిట్లకి మార్చడం) పడేశాను. వార్నింగ్ పోయింది. కొన్ని నెలలకి అదే డ్రైవర్ 64 బిట్ బోర్డు మీదికి వెళ్లింది. ఐఓఎంఎంయూ (డివైస్ మెమరీ యాక్సెస్‌ని తనిఖీ చేసే హార్డ్‌వేర్) ఫాల్ట్ చూపించిన అడ్రస్ హెక్స్‌లో 123400000, మా లాగ్‌లో ఉన్నది 23400000. పై అంకె కాస్ట్ తినేసింది. డివైసే అడ్రస్ పాడుచేస్తోందని రెండు రోజులు రిజిస్టర్లు తవ్వాను. తీరా చూస్తే మేమే బఫర్‌ని ముందుగా అన్‌మ్యాప్ చేస్తున్నాం. లాగ్ నిజం చెప్పి ఉంటే పది నిమిషాల పని.

కాబట్టి కాస్ట్ వద్దు. డీఎంఏ అడ్రస్‌కి %పీఏడీ, ఫిజికల్ అడ్రస్‌కి %పీఏ ఫార్మాట్ వాడండి. వీటికి విలువ కాదు, వేరియబుల్ అడ్రస్ ఇవ్వాలి, అంటే ముందు & ఉండాలి. ఇక్కడే ఇంకో గుంట ఉంది. కంపైలర్ అది పాయింటరా కాదా అనే చూస్తుంది, దేనికి పాయింటరో పట్టించుకోదు. పొరపాటున యూ32 వేరియబుల్ అడ్రస్ ఇస్తే 64 బిట్ బిల్డ్‌లో పక్కనున్న నాలుగు బైట్లు కూడా కలిపి ప్రింట్ చేస్తుంది, వార్నింగ్ ఏమీ రాదు. వేరియబుల్ డిక్లరేషన్ కళ్లతో చూసుకోవాల్సిందే.

"ఇనిషియలైజ్ కాకపోవచ్చు" రకం వార్నింగ్ తరచూ ఉత్త అనుమానమే, 2020లో 5.7 నుంచి మామూలు బిల్డ్‌లో ఆపేశారు కూడా. డబ్ల్యూ=2లో కనిపిస్తే ఎర్రర్ దారులు ఒకసారి చదివి ముందుకెళ్లండి. కంపైలర్‌లోనే బగ్ అంటారా, అది చాలా అరుదు, దాన్ని ఆఖరున చూడండి.

ప్యాచ్ పంపేముందు ఆర్క్=ఐ386 (32 బిట్ ఎక్స్86) తో వేరే అవుట్‌పుట్ ఫోల్డర్‌లోకి ఒకసారి బిల్డ్ చేయండి. సోర్స్ ట్రీ శుభ్రంగా లేదని ఆగిపోతే ఎంఆర్‌ప్రాపర్ (ట్రీని పూర్తిగా శుభ్రం చేసే మేక్ కమాండ్) కొట్టాలి. అది మీ కాన్ఫిగ్ ఫైల్‌ని కూడా చెరిపేస్తుంది, ముందే కాపీ తీసుకోండి.